ప్రోటీన్ నమూనాలలో దాగిన ఎండోటాక్సిన్: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే సమస్యను ప్రస్తావించాయి. రొయ్యల వ్యాధుల మీద, టీకాల మీద చిన్న ప్రయోగశాలల్లో పనిచేసే యువతీయువకులు ఎంతో శ్రమపడి తయారుచేసుకున్న ప్రోటీన్‌లో ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషపదార్థం మిగిలిపోయి, ఫలితాలన్నీ అనుమానంలో పడుతున్నాయి. అందువల్ల ఈ నెల శీర్షికను పూర్తిగా దీనికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: రొయ్యలకు తెల్లమచ్చల వ్యాధిని కలిగించే వైరస్ పైపొరలోని వీపీ28 ప్రోటీన్‌ను ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేసి, నికెల్ రెసిన్ పూసలు నింపిన గొట్టం (నికెల్ కాలమ్) మీద శుద్ధి చేస్తున్నాను. పొరలో గుచ్చుకొని ఉండే తొలి భాగాన్ని తీసివేసి, మిగిలిన ముక్కను మాత్రమే ఉత్పత్తి చేశాను. అది ఆమ్ల స్వభావం గల ప్రోటీన్ అని లెక్కలో తేలింది. జెల్ మీద ఒకే పట్టీ కనిపిస్తోంది. మాక్రోఫేజ్‌లు అనే ఎలుక రోగనిరోధక కణాలకు మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల చొప్పున ఇస్తే, టీఎన్ఎఫ్ అనే రోగనిరోధక సంకేత ప్రోటీన్ బాగా పెరిగింది. అయితే అది ప్రోటీన్ వల్లనా, ఎండోటాక్సిన్ వల్లనా అని మా సమావేశంలో అడిగారు. కొలిపించగా మిల్లీగ్రాము ప్రోటీన్‌కు సుమారు 1,000 ఎండోటాక్సిన్ యూనిట్లు ఉన్నట్లు తేలింది. నా వద్ద ప్రోటీన్ కొద్దిగానే ఉంది. దాన్ని పోగొట్టుకోకుండా ఎండోటాక్సిన్‌ను తొలగించే మార్గం చెప్పగలరు.
— పరిశోధక విద్యార్థిని, నెల్లూరు

జవాబు: మీ సమావేశంలో వేసిన ప్రశ్న న్యాయమైనది. ముందుగా మీరు ఇచ్చిన అంకెలతోనే లెక్క చూద్దాం. ఈ.కోలై ప్రామాణిక ఎండోటాక్సిన్ విషయంలో ఒక యూనిట్ అంటే సుమారు 0.1 నానోగ్రాము. అంటే మీ మిల్లీగ్రాము ప్రోటీన్‌లో ఉన్నది దాదాపు 100 నానోగ్రాములు, బరువులో నూటికి 0.01 వంతు మాత్రమే. ఇంత స్వల్పమైనది జెల్ మీద కనిపించదు. పైగా ప్రోటీన్‌కు పట్టే కూమాసీ రంగు దీనికి పట్టదు కూడా. కనుక ఒకే పట్టీ రావడం మీ ప్రోటీన్ శుద్ధికి రుజువే గాని, ఎండోటాక్సిన్ లేదనడానికి రుజువు కాదు. ఇక మీరు కణాలకు ఇచ్చిన మోతాదును చూస్తే, మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల ప్రోటీన్‌తో పాటు 10 యూనిట్లు, అంటే దాదాపు ఒక నానోగ్రాము ఎండోటాక్సిన్ కూడా చేరింది. మాక్రోఫేజ్‌లు టీఎన్ఎఫ్‌ను విడుదల చేయడానికి అంత చాలు. ప్రస్తుతం మీ ఫలితాన్ని ప్రోటీన్‌కు ఆపాదించడానికి వీలులేదు. కణాలున్న ద్రవంలో ఎండోటాక్సిన్‌ను మిల్లీలీటరుకు 0.1 యూనిట్ కంటే తక్కువకు తేవాలని లక్ష్యం పెట్టుకుంటే, మీ మోతాదుకు మిల్లీగ్రాము ప్రోటీన్‌లో 10 యూనిట్లు మించకూడదు. అంటే నూరు వంతులలో తొంభై తొమ్మిది వంతులు పోవాలి. ఇది సాధ్యమే.

ఎండోటాక్సిన్ అంటే గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా వెలుపలి పొరలో ఉండే లైపోపాలీసాకరైడ్. దానికి ఒక కొసన లిపిడ్-ఎ అనే కొవ్వు భాగం, మరో కొసన పొడవైన చక్కెర గొలుసు, మధ్యలో ఋణావేశం గల ఫాస్ఫేట్లు ఉంటాయి. విషప్రభావమంతా లిపిడ్-ఎ లోనే ఉంది. ఒక్కో అణువు బరువు పది నుంచి ఇరవై వేల డాల్టన్ల వరకు ఉన్నా, నీటిలో ఇవి విడివిడిగా ఉండక కాల్షియం, మెగ్నీషియం అయాన్ల సాయంతో ఒకదానికొకటి అతుక్కొని పది లక్షల డాల్టన్లను కూడా మించే గుంపులుగా మారతాయి. మీరు ఈ.కోలై కణాలను పగలగొట్టినప్పుడు ఈ పొర ముక్కలన్నీ ద్రవంలో కలుస్తాయి. ఆ తరువాత కొన్ని నికెల్ రెసిన్‌కు, కొన్ని ప్రోటీన్‌కు అంటుకొని చివరిదాకా వెంట వస్తాయి. ప్రోటీన్‌ను ఇవి రెండు విధాలుగా పట్టుకుంటాయి: ఫాస్ఫేట్ల ఋణావేశం ప్రోటీన్ మీది ధనావేశాన్ని పట్టుకుంటుంది, కొవ్వు భాగం ప్రోటీన్ మీది జిడ్డు స్వభావం గల చోట్లను పట్టుకుంటుంది. ఏ పద్ధతి పనిచేస్తుందో ఈ రెండు బంధాలలో ఏది బలమైనదో దాన్ని బట్టి ఉంటుంది. అందరికీ పనికివచ్చే ఒకే పద్ధతి లేకపోవడానికి కారణం ఇదే. ఇతరుల ప్రోటీన్‌కు పనిచేసిందని అదే పద్ధతిని మీ ప్రోటీన్‌పై కళ్లు మూసుకొని ప్రయోగించవద్దని నేను గట్టిగా చెప్పడానికీ ఇదే కారణం.

మీ ప్రోటీన్ ఆమ్ల స్వభావం కలది కావడం ఒక విధంగా మేలు, ఒక విధంగా ఇబ్బంది. తటస్థ పీహెచ్ వద్ద అది కూడా ఋణావేశంతో ఉంటుంది కనుక ఎండోటాక్సిన్‌తో విద్యుత్ బంధం బలంగా ఉండదు, ఇది మేలు. అయితే ఋణావేశం గలవాటిని పట్టుకొనే ఆనయాన్ ఎక్స్ఛేంజ్ కాలమ్ మీద రెండూ కలిసి అంటుకుంటాయి, ఇది ఇబ్బంది. ఉప్పు గాఢతను క్రమంగా పెంచుతూ వస్తే సాధారణంగా ప్రోటీన్ ముందుగా, ఎండోటాక్సిన్ ఆలస్యంగా దిగుతాయి. అయినా కొద్ది ప్రోటీన్ మాత్రమే ఉన్నవారికి ఆ దారిని నేను మొదటగా సూచించను. మీకు అనువైనది ట్రైటాన్ ఎక్స్-114 అనే డిటర్జెంట్.

ఈ డిటర్జెంట్‌కు ఒక ప్రత్యేక గుణం ఉంది. సుమారు 22 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన అది నీటిలో పూర్తిగా కలిసిపోతుంది. అంతకు మించి వేడెక్కితే ద్రవం తెల్లగా మబ్బుపట్టి, డిటర్జెంట్ వేరే పొరగా విడిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు అది ఎండోటాక్సిన్ గుంపులను విడదీసి, కొవ్వు భాగాన్ని తనలోకి తీసుకుంటుంది. వేడి చేయగానే ఎండోటాక్సిన్‌ను వెంటబెట్టుకొని అడుగుకు చేరుతుంది. నీటిలో కరిగే ప్రోటీన్ పై పొరలో మిగిలిపోతుంది. మీరు పొరలో గుచ్చుకొనే తొలి భాగాన్ని తీసివేశారు కనుక ఈ పద్ధతి మీకు కుదురుతుంది. ఆ భాగం ఉండి ఉంటే ప్రోటీన్ కూడా డిటర్జెంట్‌తో పాటు అడుగుకు పోయేది.

ఇప్పటికే శుద్ధి చేసిన ప్రోటీన్‌కు ఇలా చేయండి. మంచు మీద ఉంచిన నమూనాకు ట్రైటాన్ ఎక్స్-114ను తుది గాఢత నూటికి ఒక వంతు ఉండేలా కలిపి, 4 డిగ్రీల వద్ద అరగంట సేపు నెమ్మదిగా తిప్పుతూ ఉంచండి. తరువాత 37 డిగ్రీల నీటి తొట్టెలో పది నిమిషాలు ఉంచితే ద్రవం మబ్బుపడుతుంది. వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో పది నిమిషాలు తిప్పి, అడుగున నూనెలా చేరిన చిన్న పొరను కదిలించకుండా పై ద్రవాన్ని మాత్రమే తీసుకోండి. అడుగు పొరకు దగ్గరగా ఉన్న కొంత ద్రవాన్ని వదులుకోవడానికి సంకోచించవద్దు. ఆ చివరి చుక్కల కోసం పైపెట్ దించితే తీసివేసిన విషం తిరిగి పైకి వస్తుంది. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. ప్రోటీన్ పనికి అలవాటుగా సెంట్రిఫ్యూజ్‌ను 4 డిగ్రీలకు పెట్టి ఉంచుతారు. అలా చల్లబడిన యంత్రంలో పెడితే విడిపోయిన డిటర్జెంట్ మళ్లీ కరిగిపోయి మొత్తం శ్రమ వృథా అవుతుంది. యంత్రాన్ని ముందుగానే 25 డిగ్రీలకు పైగా ఉంచుకోండి. ఈ మొత్తాన్ని రెండు మూడు సార్లు చేస్తే నూటికి తొంభై తొమ్మిది వంతులకు పైగా తగ్గడం సాధారణంగా సాధ్యమవుతుంది.

అయితే మీరు ఎలాగూ మళ్లీ ప్రోటీన్ తయారుచేసుకోవలసి వస్తే, ఇంతకంటే మంచి మార్గం కాలమ్ మీదనే కడగడం. ప్రోటీన్ నికెల్ రెసిన్‌కు అంటుకొని ఉండగా, 4 డిగ్రీల వద్ద ఉన్న బఫర్‌లో నూటికి 0.1 వంతు ట్రైటాన్ ఎక్స్-114 కలిపి, రెసిన్ పరిమాణానికి సుమారు యాభై రెట్లు పోసి నిదానంగా కడగాలి. తరువాత డిటర్జెంట్ లేని చల్లని బఫర్‌తో కనీసం ఇరవై రెట్లు కడిగి, ఆ పైన ప్రోటీన్‌ను దించాలి. పొరలు వేరుచేయవలసిన పని ఉండదు, ప్రోటీన్ నష్టం తక్కువ. మీ ప్రోటీన్ కణంలో కరగని ముద్దలుగా (ఇన్‌క్లూజన్ బాడీలుగా) ఏర్పడి యూరియాలో కరిగించుకుంటున్నట్లయితే, తిరిగి మడత పెట్టకముందే ఈ కడుగుడు చేయడం మరీ మంచిది. విప్పారిన ప్రోటీన్ మడతల మధ్య ఎండోటాక్సిన్ చిక్కుకొనే అవకాశం ఉండదు. ఎండోటాక్సిన్ గుంపులను విడదీయడానికి లోహ అయాన్లను పట్టుకొనే ఈడీటీఏ కూడా ఉపకరిస్తుంది గాని, అది నికెల్‌ను కూడా ఊడదీస్తుంది కనుక ఈ కాలమ్ మీద వాడకూడదు.

మన ప్రాంతానికి చెందిన ఒక హెచ్చరిక ఇక్కడ తప్పనిసరి. రోహిణి కార్తెలో నెల్లూరులో గది ఉష్ణోగ్రత ఎంత ఉంటుందో మీకు తెలుసు. శీతల దేశాల ప్రయోగశాలల కోసం రాసిన విధానాలలో గది ఉష్ణోగ్రత అని ఉన్నచోట అది 20 డిగ్రీలకు అటూఇటూ అని అర్థం చేసుకోవాలి. మన బల్ల మీద ఈ డిటర్జెంట్ కలిపిన బఫర్ నిమిషాలలో మబ్బుపడి, కాలమ్‌లోనే విడిపోయి, ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. ఉప్పు గాఢత పెరిగిన కొద్దీ మబ్బుపట్టే ఉష్ణోగ్రత ఇంకా కిందికి దిగుతుంది. నికెల్ కాలమ్ బఫర్‌లలో ఉప్పు ఎక్కువే ఉంటుంది. చల్లని గది లేనివారు కాలమ్‌ను గాజు తలుపు ఉన్న ఫ్రిజ్‌లోనే నిలబెట్టి కడగడం మేలు. కరెంటు పోయే వేళలు చూసుకొని మొదలుపెట్టండి.

చివరగా, మిగిలిన డిటర్జెంట్ సంగతి. అది కణాలను దెబ్బతీస్తుంది, ఎండోటాక్సిన్ పరీక్షను కూడా తప్పుదారి పట్టిస్తుంది. అంతేకాక 280 నానోమీటర్ల వద్ద కాంతిని పీల్చుకుంటుంది కనుక, ఆ కొలతతో మీ ప్రోటీన్ ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్లు కనిపిస్తుంది. డిటర్జెంట్‌ను పీల్చుకొనే పాలీస్టైరీన్ పూసలతోగాని, జెల్ ఫిల్ట్రేషన్‌తోగాని దాన్ని తొలగించి, ప్రోటీన్‌ను వేరే పద్ధతిలో కొలిచి, ఆ తరువాతే ఎండోటాక్సిన్‌ను మళ్లీ కొలిపించండి. కణాల మీద ప్రయోగించే నమూనాలోనే, అదే రోజు వాడే గొట్టంలోనే కొలవాలి. మరొక బ్యాచ్‌లో తక్కువ వచ్చిందన్న భరోసా చెల్లదు.

ప్రశ్న: మా ప్రయోగశాలలో ఆర్‌ఓ నీటిని ఆటోక్లేవ్ చేసి, 0.22 మైక్రాన్ల ఫిల్టర్ గుండా పంపి బఫర్లు తయారుచేస్తాము. గాజు సామగ్రి అంతా ఆటోక్లేవ్ చేసినదే. అయినా ప్రోటీన్ కలపని ఖాళీ బఫర్‌లో కూడా ఎండోటాక్సిన్ ఉన్నట్లు వస్తోంది. ఎక్కడ పొరపాటు జరుగుతోంది?
— ప్రయోగశాల సహాయకుడు, ఒంగోలు

జవాబు: క్రిములను చంపడం వేరు, వాటి విషాన్ని తొలగించడం వేరు. పాము చచ్చినంత మాత్రాన కోరలోని విషం పోనట్లే, 121 డిగ్రీల ఆవిరిలో బ్యాక్టీరియా చచ్చినా వాటి పొర ముక్కలు చెక్కుచెదరకుండా నీటిలోనే ఉంటాయి. 0.22 మైక్రాన్ల రంధ్రాలు బ్యాక్టీరియాను ఆపగలవు గాని, ఎండోటాక్సిన్ వాటి గుండా సులభంగా జారిపోతుంది. అందుచేత మీరు చేస్తున్నవన్నీ అవసరమైన పనులే అయినా ఈ సమస్యకు సరిపోవు.

ఈ సంగతి కొత్తది కాదు. 1920 దశకంలో అమెరికా శాస్త్రవేత్త ఫ్లారెన్స్ సైబర్ట్ యేల్‌లోనూ, తరువాత షికాగోలోనూ పనిచేస్తూ, స్వేదన జలంతో చేసిన ఇంజెక్షన్ల తరువాత జ్వరం ఎందుకు వస్తోందో వెతికారు. నీరు మరిగేటప్పుడు ఎగిరే సన్నని తుంపరలే బ్యాక్టీరియా పదార్థాన్ని స్వేదన జలంలోకి మోసుకువస్తున్నాయని గుర్తించి, ఆ తుంపరలను అడ్డుకొనే ఏర్పాటుతో సమస్యను తీర్చారు. మీ విషయంలో ముందుగా అనుమానించవలసినది నీటిని నిల్వ ఉంచే ట్యాంకునూ, దాని గొట్టాలనూ. ఆర్‌ఓ పొర ఎండోటాక్సిన్‌ను చాలావరకు ఆపుతుంది; కాని శుద్ధమైన ఆ నీటిలో క్లోరిన్ కూడా ఉండదు కనుక, నిల్వ ఉన్నచోట స్యూడోమోనాస్ వంటి గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా గోడలకు జిగట పొరగా అతుక్కొని పెరుగుతాయి. డీఅయోనైజర్ రెసిన్‌లోనూ ఇదే జరుగుతుంది. వేసవి సెలవులలో ట్యాంకు కదలకుండా ఉంటే ఆ నీరు ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు.

కొద్ది పరిమాణంలో బఫర్ కావలసినప్పుడు మందుల దుకాణంలో దొరికే ఇంజెక్షన్ నీటిని వాడమని నా సలహా. ఇంజెక్షన్ నీటిలో ఎండోటాక్సిన్ మిల్లీలీటరుకు 0.25 యూనిట్ దాటకూడదని ప్రమాణం ఉంది. ఖర్చు కూడా పెద్దది కాదు. గాజు పాత్రలను రేకులో చుట్టి హాట్ ఎయిర్ ఓవెన్‌లో 250 డిగ్రీల వద్ద కనీసం అరగంట కాల్చాలి. పాత్ర ఆ వేడికి చేరిన తరువాతే అరగంటను లెక్కపెట్టాలి. స్టెరిలైజేషన్‌కు వాడే 160 డిగ్రీలు దీనికి చాలవు. సోడియం క్లోరైడ్‌ను కూడా ఇలాగే కాల్చుకోవచ్చు. ట్రిస్, ఇమిడజోల్ వంటి బఫర్ పదార్థాలు ఆ వేడికి నిలవవు కనుక వాటిని కొత్తగా తెరిచిన సీసా నుంచి, చెంచా ముంచకుండా, కాల్చిన గాజు పాత్రలోకి నేరుగా ఒంపుకోవాలి. వేడికి ఆగని రెసిన్లు, పొరలు, గొట్టాలను తయారీదారు అనుమతించిన మేరకు 0.1 నుంచి 0.5 మోలార్ కాస్టిక్ సోడాలో నానబెట్టి, ఇంజెక్షన్ నీటితో కడగండి. ఈ.కోలై పని చేసిన పాత రెసిన్‌ను కడగకుండా మళ్లీ వాడితే కొత్త ప్రోటీన్‌కు పాత విషం అంటుతుంది.

మీ పరీక్షే తప్పు చెబుతుండవచ్చు అన్న అవకాశాన్ని కూడా కొట్టివేయలేము. ఎండోటాక్సిన్ తగిలితే గడ్డకట్టే ఒక సముద్రజీవి రక్తంతో చేసే ఎల్ఏఎల్ పరీక్షలో ఫ్యాక్టర్-జి అనే మరో దారి ఉంది. అది బీటా గ్లూకాన్ అనే చక్కెర గొలుసు తగిలినా గడ్డకట్టిస్తుంది. సెల్యులోజ్ ఫిల్టర్ల నుంచి, దూది బిరడాల నుంచి ఈ పదార్థం బఫర్‌లోకి వస్తుంది. గ్లూకాన్‌ను అడ్డుకొనే బఫర్‌తో పరీక్షను మరోసారి చేయించి చూడండి.

ప్రశ్న: నా ప్రోటీన్‌ను ఎండోటాక్సిన్‌ను పట్టుకొనే పాలీమిక్సిన్-బి కాలమ్ గుండా పంపిన తరువాత ఎల్ఏఎల్ పరీక్షలో ఎండోటాక్సిన్ లేదని వచ్చింది. నా ప్రోటీన్ ట్వీన్-20 కలిపిన ఫాస్ఫేట్ బఫర్‌లో ఉంది. అయినా మానవ రక్తకణాలలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే రోగనిరోధక సంకేత ప్రోటీన్ పెరుగుతూనే ఉంది. ఇక ఇది ప్రోటీన్ గుణమే అని రాసుకోవచ్చునా?
— వైద్య విద్యలో పీజీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: ఇంకా రాసుకోవద్దు. మీ బఫర్‌ను చూస్తే మొదట కలిగే అనుమానం ఎండోటాక్సిన్ పోయిందా, దాగిందా అన్నది. ట్వీన్-20 వంటి పాలీసార్బేట్ డిటర్జెంట్లు, ఫాస్ఫేట్ లేదా సిట్రేట్ బఫర్లు కలిసినచోట ఎండోటాక్సిన్ గుంపులు విడిపోయి, పరీక్షలో ఎండోటాక్సిన్‌ను గుర్తించే ఫ్యాక్టర్-సి అనే ప్రోటీన్‌కు చిక్కకుండా పోతాయని 2013 నుంచి ఔషధ పరిశ్రమలో విస్తృతంగా చర్చ జరుగుతోంది. పరీక్షకు కనిపించకపోయినా కణాలకు కనిపించే అవకాశం మాత్రం ఉంటుంది. అందువల్ల మీ నమూనాకు తెలిసినంత ఎండోటాక్సిన్ కలిపి, ఎంత తిరిగి కనిపిస్తుందో చూడాలి. కలిపినదానిలో 50 నుంచి 200 శాతం మధ్య తిరిగి రావాలన్నది నియమం. కలిపిన వెంటనే చేసే పరీక్షతో మాత్రం సరిపెట్టుకోవద్దు. ఈ దాగుడు కాలక్రమంలో జరుగుతుంది కనుక కొన్ని గంటలకూ, కొన్ని రోజులకూ మళ్లీ కొలవాలి. తిరిగి రాకపోతే నమూనాను ఎండోటాక్సిన్ లేని నీటితో పలుచన చేయడం, మెగ్నీషియం చేర్చడం మొదట ప్రయత్నించవలసినవి. ఇవేవీ కుదరకపోతే మోనోసైట్లు అనే మానవ తెల్ల రక్తకణాలనే వాడే పరీక్ష ఉంది; ఐరోపా ఔషధ ప్రమాణ గ్రంథమైన ఫార్మకోపియాలో అది 2010 నుంచి ఉంది.

పాలీమిక్సిన్-బి గురించి కూడా ఒక మాట. అది లిపిడ్-ఎను బలంగా పట్టుకుంటుంది, నిజమే. కాని ప్రోటీన్‌కు గట్టిగా అతుక్కున్న ఎండోటాక్సిన్‌ను విడదీసే శక్తి దానికి పెద్దగా ఉండదు, పైగా ప్రోటీన్ కొంత కాలమ్‌లోనే మిగిలిపోతుంది. మీ ప్రోటీన్ క్షార స్వభావం కలదైతే ఈ పద్ధతితో పూర్తి ఫలితం ఆశించడం కష్టం.

ఒకవేళ ఎండోటాక్సిన్ నిజంగానే పోయిందనుకుందాం. ఈ.కోలై నుంచి వచ్చే కల్మషం అదొక్కటే కాదు. లైపోప్రోటీన్లు, బ్యాక్టీరియా తోకలోని ఫ్లాజెలిన్, బ్యాక్టీరియా డీఎన్ఏ కూడా రోగనిరోధక కణాలను రెచ్చగొడతాయి. ఎల్ఏఎల్ పరీక్ష వీటిని చూడదు. కనుక మీకు కావలసినది మరొక శుద్ధి పద్ధతి కంటే ముందు సరైన పోలిక నమూనా. జన్యువు చేర్చని ఖాళీ ప్లాస్మిడ్ (జన్యువును మోసే డీఎన్ఏ వలయం) గల ఈ.కోలైని అదే విధంగా పెంచి, అదే కాలమ్ మీద, అదే బఫర్లతో శుద్ధి చేసి, ప్రోటీన్ దిగవలసిన చోట దిగిన ద్రవాన్ని కణాలకు ఇచ్చి చూడండి. దానికీ అంతే స్పందన వస్తే, ఆ స్పందనను ప్రోటీన్‌కు ఆపాదించడానికి వీలులేదు. ప్రోటీన్‌ను ఉడికించి చూడటం మరో ఉపాయం: ఉడికితే ప్రోటీన్ ఆకారం చెడుతుంది, ఎండోటాక్సిన్ చాలావరకు నిలుస్తుంది. కాని ఇది ఒక్కటే ఆధారంగా ఏ నిర్ణయానికీ రాకూడదు. కణాలు ఎండోటాక్సిన్‌ను గుర్తించే టీఎల్ఆర్-4 గ్రాహకాన్ని అడ్డుకొనే పదార్థంతోనో, ఆ గ్రాహకం పనిచేయని సీ3హెచ్/హెచ్ఈజే ఎలుక కణాలతోనో పోల్చి చూడటం ఇంకా మంచిది. ఆ ఎలుకలు ఎండోటాక్సిన్‌కు ఎందుకు స్పందించవో వెతుకుతూ 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం టీఎల్ఆర్-4ను గుర్తించింది. 2011 నోబెల్ బహుమతిలో ఆయన భాగం పంచుకోవడానికి ఆ పనే కారణం. అయితే ఒక చిక్కును మరిచిపోవద్దు: మీ ప్రోటీన్ నిజంగానే టీఎల్ఆర్-4 ద్వారా పనిచేసేదైతే, ఈ పోలిక దాన్నీ ఎండోటాక్సిన్‌నూ వేరుచేయలేదు.

ఇంత జాగ్రత్త ఎందుకని మీకు అనిపించవచ్చు. వేడి వంటి ఒత్తిడికి కణాలు తయారుచేసే హీట్ షాక్ ప్రోటీన్ల (హెచ్ఎస్‌పీల) చరిత్రే దీనికి సమాధానం. ఈ.కోలైలో తయారుచేసిన హెచ్ఎస్‌పీ-70 మాక్రోఫేజ్‌లలో టీఎన్ఎఫ్‌ను పుట్టిస్తుందని ఎన్నో వ్యాసాలు వచ్చాయి. దాని మీద సిద్ధాంతాలు కూడా కట్టారు. ఎండోటాక్సిన్‌ను బాగా తొలగించిన హెచ్ఎస్‌పీ-70తో ఆ ప్రభావం కనిపించదని 2003లో గావో, సాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపారు. అన్నేళ్ల శ్రమ ఒక కల్మషం చుట్టూ తిరిగిందన్నమాట. మన యువ పరిశోధకుల శ్రమ అలా పోకూడదన్నదే నా ఆరాటం.

ప్రశ్న: ఈ పరీక్షకు నీలిరంగు రక్తం గల ఒక పీత రక్తం వాడతారని చదివాను. అది మన కృష్ణపట్నం, మైపాడు సముద్రంలో దొరుకుతుందా? రొయ్య రక్తం కూడా నీలంగానే ఉంటుంది కదా, దానితో పరీక్ష చేయలేమా?
— రొయ్యల రైతు, ముత్తుకూరు

జవాబు: చాలా మంచి ప్రశ్న. మీరు చదివిన ఆ జీవి గుర్రపు డెక్క ఆకారంలో ఉండే గుర్రపు డెక్క పీత. పేరులో పీత అని ఉన్నా, అది సాలీళ్లకూ తేళ్లకూ దగ్గరి బంధువు. గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా సోకితే దాని రక్తం గడ్డకడుతుందని 1956లో ఫ్రెడరిక్ బ్యాంగ్ గమనించగా, ఆ తరువాత జాక్ లెవిన్‌తో కలిసి దాన్ని ఎల్ఏఎల్ పరీక్షగా మలిచారు. అందులో వాడేది అమెరికా తూర్పు తీరపు జాతి. మన దేశంలో రెండు జాతులున్నాయి. అవి ముఖ్యంగా ఒడిశా, పశ్చిమ బెంగాల్ తీరాలలో కనిపిస్తాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి రక్షణ కల్పించింది కనుక, వలలో ఎప్పుడైనా పడితే క్షేమంగా సముద్రంలో వదిలివేయాలి.

రొయ్య రక్తం నీలంగా ఉండటానికి కారణం రాగి గల హీమోసయానిన్. ఆ జీవిలోనూ అదే ఉంది. కాని గడ్డకట్టే విధానం రెండింటిలో వేరు. రొయ్యలో ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే ఎంజైమ్ రక్తంలోని ప్రోటీన్‌ను అతికించి గడ్డగా మారుస్తుంది. గుర్రపు డెక్క జీవిలో ఎండోటాక్సిన్ తగిలిన ఫ్యాక్టర్-సి మేల్కొని, ఒకదాని తరువాత ఒకటిగా ఎంజైమ్‌లను నడిపించి గడ్డకట్టిస్తుంది. ఎండోటాక్సిన్‌కు నేరుగా స్పందించే ఆ అంచెల వరుస రొయ్యలో లేదు కనుక మీ ఆలోచన సాధ్యపడదు. అయితే ఆ ఫ్యాక్టర్-సి జన్యువును సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వేరుచేసి, జీవులను పట్టనవసరం లేకుండానే ఆ ప్రోటీన్‌ను తయారుచేసే దారి చూపారు. ఐరోపా ఫార్మకోపియా 2021 నుంచి దాన్ని అంగీకరిస్తోంది. అందులో ఫ్యాక్టర్-జి ఉండదు కనుక ఒంగోలు పాఠకుడికి చెప్పిన గ్లూకాన్ చిక్కు కూడా ఉండదు.

ప్రశ్న: ఇంత శ్రమపడి తొలగించడం కంటే ఈ.కోలై బదులు మరొకటి వాడితే సరిపోదా?
— అధ్యాపకురాలు, కావలి

జవాబు: కొన్నిసార్లు అదే ఉత్తమం. పికియా ఈస్ట్‌లో గాని, జంతు కణాలలో గాని తయారుచేస్తే ఎండోటాక్సిన్ మూలంలోనే ఉండదు. నీటి నుంచి, పాత్రల నుంచి వచ్చేదాన్ని మాత్రం చూసుకోవాలి. అయితే ఈస్ట్ గోడలో బీటా గ్లూకాన్ ఉంటుంది, ప్రోటీన్‌కు చక్కెర గొలుసులు కూడా అతుక్కుంటాయి. రోగనిరోధక ప్రయోగాలలో ఈ రెండూ లెక్కలోకి వస్తాయి. లిపిడ్-ఎ పూర్తిగా తయారు కాకుండా మార్పుచేసిన ఈ.కోలై రకాలు కూడా అమ్మకానికి ఉన్నాయి. వాటి పొర పదార్థం మానవ టీఎల్ఆర్-4ను మేల్కొల్పదు, అయినా ఎల్ఏఎల్ పరీక్ష దానికి కొంత స్పందించవచ్చు కనుక ఆ అంకెను జాగ్రత్తగా చదవాలి. అవి నెమ్మదిగా పెరుగుతాయి, ప్రోటీన్ దిగుబడి కూడా తగ్గవచ్చు. మీ విద్యార్థుల ప్రోటీన్ జెల్ మీద చూసుకోవడానికో, ఎంజైమ్ పనితీరు కొలవడానికో అయితే మామూలు ఈ.కోలై చాలు, ఎండోటాక్సిన్ గురించి ఆందోళన అక్కరలేదు. కణాలకో, జంతువులకో ఇవ్వవలసినదైతే మాత్రం క్లోనింగ్ మొదలుపెట్టే ముందే ఈ నిర్ణయం తీసుకోండి. ఆ ప్లాస్మిడ్‌లో నికెల్‌కు అంటుకొనే హిస్టిడిన్ ట్యాగ్ ఉండేలా చూసుకుంటే, నెల్లూరు విద్యార్థినికి చెప్పిన కాలమ్ కడుగుడు మీ వారికి కూడా అందుబాటులో ఉంటుంది.